నూట అరవై తొమ్మిదో కుండ

పైలంక కుండల సావిడి చిట్టా. ఇరవై మూడో ముసురు. రాస్తున్నది సావిడి కాపలాదారు నూకరాజు.

మొదటి రోజు, శుక్రవారం. వోల్టులు: 12.1

ఈ పుస్తకం అట్టమీద పంచాయతీవాళ్ళు "అంకెలు మాత్రమే రాయవలెను" అని రాయించారు. అంకె పైన రాశాను. దాంతో నా బాధ్యత తీరిపోయింది కాబట్టి మిగతా కాగితం నాది.

ఈరోజు విశేషం: మంగాయమ్మ గుడ్లు పెట్టింది. ఆదివారం సభలో ఈ చిట్టాను మైకులో చదివేటప్పుడు ఇక్కడ జనం నవ్వుతారని తెలుసు. అందుకని సరిచేస్తున్నాను. మంగాయమ్మ మూడు వందల ఇరవై బాతుగుడ్లను పొదుగుపెట్టెలో పెట్టింది. వాటిని ఎగువనుంచి మూడు రోజులు పడవలో, ఊక పోసిన బుట్టల్లో, ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. కిందటి ముసురులో తెగులొచ్చి ఆమె మంద ఒక్క ఈక మిగలకుండా పోయింది. బాతులు లేకపోయేసరికి చేలో నత్తలు పండగ చేసుకున్నాయి. నారంతా అవి తిన్నాయి. మనం ఏడాదిపొడుగునా పైనుంచి పడవలో వచ్చిన ముక్క బియ్యం తిన్నాం. ఈ గుడ్లూ పోతే మళ్ళీ తేవడానికి ఎగువ ఊళ్ళలో కూడా గుడ్లు లేవు.

ఇరవై ఎనిమిది రోజులు పెట్టె ఒకే వెచ్చన ఉండాలి. ఆ వెచ్చన నా సావిడి నుంచే పోవాలి. సోలారు పలకలు ముసురు పట్టాక దేనికీ పనికిరావు, వాటిమీద అప్పడాలు కూడా ఎండవు. ఏడు వీధుల మురుగు ఏడు గొట్టాల్లో వచ్చి, వీధికి ఇరవై నాలుగు చొప్పున, నూట అరవై ఎనిమిది కుండల్లో పడుతుంది. కుండల్లో ఉన్నవాటిని పుస్తకాల్లో సూక్ష్మజీవులంటారు. నేను జనాభా అంటాను. ఆ జనాభా మురుగు తిని, మనం భోంచేశాక చెయ్యి తువ్వాలుకి తుడుచుకున్నట్టు, ఒంటికంటిన కరెంటును కొబ్బరిచిప్ప బొగ్గుకి తుడిచేస్తుంది. కరెంటు తీగలోకి పోతుంది, తేరిన నీళ్ళు చేలోకి పోతాయి.

పెట్టెకి తీగ కలుపుతుంటే మంగాయమ్మ నా వెనకే నిలబడింది. వరసకి నాకు మరదలు, అందుకని నోరు కాస్త ఎక్కువ.

"బావా, పన్నెండు ఉండాలి. పదికి దిగిందంటే నా పిల్లలు చలికి పోతాయి."

"నీ పిల్లలు ఇంకా సొనలోనే ఉన్నాయి కదే."

"సొనలో ఉన్నా నా పిల్లలే. నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు ఆవిడ చలిలో పడుకుందేటి?"

 తీగ మరోసారి బిగించాను.

మూడో రోజు, ఆదివారం. 12.0

సభలో గుడ్లు పెట్టడం గురించి చదివారు. జనం నవ్వారు. మంగాయమ్మ నవ్వలేదు.

ఇక్కడ నా సొంత కుండ గురించి రాయాలి. నా ఇల్లు పాత పడవ. ఒకప్పుడు దాన్ని నడిపిన సరంగుని నేనే. సముద్రం పైకొచ్చి పాత ఊరు మునిగాక ఆ పడవ ఇక్కడ ఆగింది, దాంతో నేనూ ఆగాను. పోటు బాగా తీసినప్పుడు పడవ అంచున కూర్చుంటే పాత సినిమా హాలు గోడ నీళ్ళపైకి కనబడుతుంది, దానిమీద కొంగలు టిక్కెట్లు కొన్నవాళ్ళలా వరసగా కూర్చుంటాయి. విషయానికొస్తే, వీధి గొట్టం నా పడవదాకా రాదు. అందుకని నా మరుగుదొడ్డి కింద నేనే ఒక కుండ పెట్టుకున్నాను. నూట అరవై తొమ్మిదోది. లెక్కలో లేనిది. దానికి పడవ ముందు ఒక చిన్న దీపం కట్టాను. ఒక్క మనిషి, ఒక్క కుండ, ఒక్క దీపం. ఊళ్ళో ఏ దీపమూ అంత తెల్లగా వెలగదు. ఏంటి రహస్యమని అడిగేవాళ్ళకి నా జవాబు ఒక్కటే: శ్రద్ధ.

ఆరో రోజు, బుధవారం. 11.8

మొదటి రోజుకంటే మూడు పాయింట్లు తగ్గింది. భయపడాల్సిందేమీ లేదు. జనాభాకి కూడా మనసు బాగోని రోజులుంటాయి.

రెండో వీధిలో భోజనం. నాకు వంట రాదు. సావిడి చూసేవాడికి ఏడు వీధులూ వారానికో పూట చొప్పున పెద్ద భోజనం పెట్టాలన్నది ఊరి కట్టుబాటు. రెండో పూటకి అదే ఇంటివాళ్ళు టిఫిను గిన్నె పంపుతారు. పూర్వం చదువుకునే పిల్లలు వారాలు చెప్పుకుని తినేవారట. నేను డెబ్బయి ఒకటో ఏట వారాలు తింటున్నాను, చదువు కూడా ఇప్పుడే సాగుతోంది. ఈరోజు పనసపొట్టు కూర. కొసరి కొసరి వడ్డించారు.

తొమ్మిదో రోజు, శనివారం. 11.4

మంగాయమ్మ గుడ్లను దీపానికి అడ్డంపెట్టి చూసింది. జీవం లేనివి ఇరవై ఆరు తీసేసింది. మిగతా రెండు వందల తొంభై నాలుగు బతికే ఉన్నాయి. ఒకటి నాకూ చూపించింది. గుడ్డు లోపల సన్నటి ఎర్ర దారాల సాలెగూడు, దాని మధ్య ఒక నల్లచుక్క. ఆ చుక్క కొట్టుకుంటోంది. డెబ్బయి ఏళ్ళలో ఎన్నో చూశాను. అయినా గుడ్డు ఆమెకి తిరిగిచ్చేటప్పుడు నా చేతులు నాకు పెద్దవిగా అనిపించాయి.

"అంకె తగ్గతంది బావా."

"చూత్తానే ఉన్నాను."

"ఏం చేత్తన్నావ్?"

"బోర్డుమీద రాత్తన్నాను."

సావిడి బయట నల్లబోర్డు ఉంది, దానిమీద రోజూ ఉదయం అంకె సుద్దముక్కతో రాస్తాను. ఇదివరకు ఎవరూ చూసేవారు కాదు. ఈమధ్య నీళ్ళకి వెళ్ళే ఆడవాళ్ళంతా ఆగి చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఏమీ అనకుండా పోతున్నారు. ప్రజల్లో విజ్ఞానం పెరుగుతోందని సంతోషించాను.

పన్నెండో రోజు, మంగళవారం. 11.0

తీగలన్నీ విప్పి చూశాను. బొగ్గు పలకలు గీకాను. కుండలన్నీ చెవి పెట్టి తట్టాను. పగిలినది లేదు. గొట్టాల్లో నీళ్ళు వస్తున్నాయి కానీ మరీ తేటగా, పలచగా ఉన్నాయి. ముసురు కదా, వాననీళ్ళు కలుస్తున్నాయేమో అనుకున్నాను. ఏడు గొట్టాల మూతలు చూశాను. చుక్క కూడా కలవడం లేదు.

ఇలాంటిదే ఒకసారి మా పడవ ఇంజనుకీ జరిగింది. పదకొండు రోజులు ఇంజను విప్పి బిగించాం. చివరికి చూస్తే డీజిలు తొట్టిలో డీజిలు లేదు. అప్పటినుంచి ముందు తొట్టి చూడమని అందరికీ చెబుతుంటాను. ఈ మాట ఇక్కడ ఎందుకు రాశానో నాకే తెలియదు.

నా సొంత కుండ దీపం మాత్రం దివ్యంగా ఉంది. శ్రద్ధ.

పద్నాలుగో రోజు, గురువారం. 10.6

తప్పు నాదే, రాసి తీరాలి. నిన్న జనాభాకి బలం వస్తుందని ఏడు వరసల్లోనూ బెల్లం నీళ్ళు పోశాను. పొద్దున్నకి కుండలు పులిసిపోయాయి. మూత తీస్తే ఆవకాయ జాడీలో బూజు పట్టిన వాసన. బెల్లం చూడగానే వేరే జాతివి ఎగబడి తిని, పులుపు పుట్టించి, మన కరెంటు జాతి నోరు మూయించాయి. సున్నం నీళ్ళతో కడిగి సర్దేసరికి మధ్యాహ్నం అయింది.

నేర్చుకున్నది: ఈ జనాభాకి అడ్డదారి తిండి పడదు. అన్నం, పప్పు, పులుసు మనిషి కడుపులోకి పోయి, అరిగి, ఆపైన గిన్నె కడిగిన నీళ్ళతో కలిసి నెమ్మదిగా రావాలి. మనం మధ్యవర్తులం. మనని దాటించి తిండి పెడితే అవి ఒప్పుకోవు.

పదహారో రోజు, శనివారం. 10.3

దొంగ దొరికాడు. మూడో వీధి పుల్లయ్య.

పుల్లయ్య సబ్బు వండుతాడు. కుంకుడు రసం, వేప, పసుపు అన్నీ కలిపి వండుతాడు. పసుపు గాయంమీద పెడితే పురుగు చస్తుంది కదా, అదే పసుపు గొట్టంలోంచి వస్తే నా జనాభా చావదా? ఇదంతా రాసిపెట్టుకుని, సావిడి నుంచి వెళ్ళి వీధిలో పదిమంది ముందు నిలదీశాను.

"ఏరా పుల్లయ్యా, నీ సబ్బు నురగ గొట్టంలో పోత్తన్నావా?"

"లేదండి."

"ఒట్టు?"

"ఒట్టండి. సబ్బు వండి పది రోజులైందండి. ఓపిక లేదండి."

అంతే. అని అరుగుమీద కూర్చుండిపోయాడు. మామూలుగా ఒక మాటకి ఆరు మాటలు తిరిగిచ్చే మనిషి. అలా నోరు మెదపకుండా కూర్చోవడం తప్పు చేసినవాడి లక్షణమని రాసుకున్నాను. లుంగీ కూడా రెండు మడతలు ఎక్కువ చుట్టి కట్టాడు. దాచిపెట్టేది ఏదో ఉందని అదీ రాసుకున్నాను.

మంగాయమ్మ అక్కడే ఉంది. నేను పుల్లయ్యని తిడుతున్నంతసేపూ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోపంతో అనుకున్నాను.

పదిహేడో రోజు, ఆదివారం. 10.1

సభలో నా చిట్టా చదివారు. పుల్లయ్య పేరు మైకులో మోగింది. అతను లేచి నిలబడలేదు. అతని భార్య భాగ్యవతి నావైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపు వేడికి గుడ్లు పొదగవచ్చు.

సభ అయ్యాక మంగాయమ్మ ఆడవాళ్ళని పక్కకి తీసుకెళ్ళి ఏదో గుసగుసలాడింది. నేను దగ్గరికి వెళ్ళగానే అందరూ వాన గురించి మాట్లాడారు.

పంతొమ్మిదో రోజు, మంగళవారం. 9.7

పది దాటి దిగింది. ఊళ్ళో దీపాలన్నీ ఆర్పించి కరెంటంతా పెట్టెకే మళ్ళించాను. అయినా పెట్టె పూర్తి వెచ్చన పట్టడం లేదు. మంగాయమ్మ వేడినీళ్ళ సీసాలు పెట్టి చూసింది. ఒక మూల ఉడుకు, ఒక మూల చలి, రెండూ ప్రమాదమే. తీసేసింది. పెట్టెమీద తన దుప్పటి, ఆపైన కూతురి పెళ్ళినాటి బొంత కప్పింది. తను పక్కన పీటమీద కూర్చుని పెట్టెమీద చెయ్యి వేసుకుని ఉంది. ఆ చెయ్యి సన్నబడిపోయింది. దిగులు అనుకున్నాను. 

"ఇంకా తొమ్మిది రోజులు బావా."

"ఉంటాయే. గట్టి గుడ్లు."

"కిందటేడు కూడా నాతో అందరూ అలాగే అన్నారు."

ఇరవై ఒకటో రోజు, గురువారం. 9.4

ఇక్కడనుంచి ఎవరైనా మైకులో చదివితే నెమ్మదిగా చదవాలని మనవి.

గురువారం నా వారం మూడో వీధిలో, అందులోనూ పుల్లయ్య ఇంట్లో. పదిమందిలో దొంగ అన్న మనిషి ఇంట్లో కూర్చుని అన్నం తినడం ఎలా ఉంటుందో తెలియాలంటే తినాలి. వెళ్ళకపోతే కట్టుబాటు తప్పుతుంది, వెళితే మెతుకు దిగదు. వెళ్ళాను. మెతుకు దిగింది. భాగ్యవతి చింతకాయ పప్పు, కొరమేను పులుసు చేసింది. వడ్డించింది. రెండోసారి అడగడానికి మొహం చెల్లక కంచం వంక చూశాను. అడగకుండానే వేసింది. పుల్లయ్య గుమ్మంలో కూర్చుని బయటికి చూస్తున్నాడు. పులుసు వాసన వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంటున్నాడు.

చెయ్యి కడుక్కోవడానికి పెరటివైపు వెళ్ళాను. తోమడానికి వేసిన గిన్నెల దగ్గర నా కంచం ఒక్కటే ఉంది. అన్నం వండిన గిన్నె చూశాను. మా చిన్నప్పుడు పిల్లలు బొమ్మల పెళ్ళిళ్ళకి వాడే అంత గిన్నె.

"మీరు తిన్నారా భాగ్యవతీ?"

"ఆఁ, ఎప్పుడో తిన్నాం."

"మీ కంచాలేయి?"

"కడిగేసి పెట్టేశాను."

గూట్లోకి చూశాను. కంచాలున్నాయి. కడిగిన కంచం తడిగా ఉండాలి. పోనీ తుడిచారనుకుందాం. రెండు కంచాల మధ్య ఒక సాలీడు దారం కట్టింది, ఆ దారం మీద తీరిగ్గా కూర్చుని ఉంది. రోజూ కదిలే కంచాలమధ్య ఏ సాలీడూ కాపురం పెట్టదు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

 గుమ్మంలోంచి పుల్లయ్య అన్నాడు: "చెప్పెయ్యవే. ఇంక నావల్ల కాదు. ఆ పులుసు..."

"ఒట్టేశాం కదండీ!"

"సబ్బు కూడా చెయ్యలేకపోతన్నాను. నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. ఈ పెద్దాయన దొంగన్నా తిరిగి తిట్టడానికి ఓపిక రాలేదు. ఇంతకంటే ఏం కావాలి?"

అప్పుడు బయటపడింది. గుడ్లు పెట్టెలో పెట్టిన రోజే మంగాయమ్మ గోదారమ్మకి మొక్కుకుంది. పిల్లలు క్షేమంగా బయటికొచ్చేదాకా ఒంటిపూట ఉంటానని. ఒక్కదాన్నే ఉండనివ్వడమేంటని ఏడు వీధులవాళ్ళూ కలిశారు. చిన్నపిల్లల్నీ, బాలింతల్నీ, మంచంలో ఉన్నవాళ్ళనీ వదిలేశారు. బోర్డుమీద అంకె తగ్గగానే మొక్కులో ఏదో లోపం ఉందనుకుని ఒంటిపూట అన్నం మానేసి గంజికి దిగారు. ఇంకా తగ్గింది. గంజి మానేసి కొబ్బరినీళ్ళూ, ఒక అరటిపండూ. కిందటి ఆదివారం నుంచి ఆ పండు కూడా లేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీకు చెబితే చిట్టాలో ఎక్కుతాది," అంది భాగ్యవతి. "చిట్టాలో ఎక్కితే మైకులో చదువుతారు. బయటపెట్టిన మొక్కు చెల్లదు కదండీ."

నాకు మాత్రం వారం తప్పకుండా పెట్టారు. కట్టుబాటు కదా. ఏడు వీధులు పస్తులుండి, ఏడు రోజులూ నాకు పనసపొట్టూ, పులుసూ పెట్టాయి.

డీజిలు తొట్టిలో డీజిలు లేదు. ఇరవై ఒక్క రోజులు ఇంజను విప్పి బిగించింది మాత్రం నేను.

ముందు పుల్లయ్య చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "తరవాత క్షమిత్తాను, ముందు ఆ పులుసు గిన్నె ఇలా ఇయ్యండి" అన్నాడు. భాగ్యవతి ఇవ్వలేదు. మంగాయమ్మ ఒప్పుకుంటేనే అంది.

సరాసరి మంగాయమ్మ దగ్గరికి వెళ్ళాను. పెట్టె పక్కనే పీటమీద ఉంది. విషయం చెప్పగానే మండిపడింది.

"ఎవరు చెప్పారు నీకు? భాగ్యవతా? మొక్కు చెడగొట్టేసిందా!"

"సాలీడు చెప్పింది. లే, నాతో రా. కుండలు చూపిత్తాను."

"నీ కుండల సంగతి నాకెందుకు? అమ్మకి మాటిచ్చాం. ఇప్పుడు తింటే పిల్లలు దక్కవు."

"ఒక్కసారి చూసి వచ్చెయ్. తరవాత నీ ఇష్టం."

ముసురుకి పట్టపగలే మసకగా ఉంది, దీపాల తేడా తెలుస్తుంది. సావిడిలో ప్రతి వరసకీ ఒక గుర్తు దీపం ఉంటుంది. నాలుగు మిణుకుమంటున్నాయి. రెండు వెలుగుతున్నాయో లేదో దగ్గరికెళ్ళి చూడాలి. అన్నిటికంటే మసకగా ఉన్నది అయిదో వరస. ఎర్రగా, చల్లారే బొగ్గులా ఉంది.

"ఇది ఎవరి వీధి?" అన్నాను.

"మాదే." గొంతు తగ్గింది. "మొక్కులో అందరికంటే గట్టిగా ఉన్నది మా వీధే."

అక్కడినుంచి పడవ దగ్గరికి తీసుకెళ్ళాను. నా దీపం తెల్లగా, పెళ్ళిపందిరి దీపంలా వెలుగుతోంది. చుట్టూ పురుగులు తిరుగుతున్నాయి. దాన్ని చూపించి శ్రద్ధ గురించి ఈ ఊళ్ళో నేను చెప్పని మనిషి లేడు.

"అవే కుండలు, అదే బొగ్గు, అదే జాతి," అన్నాను. "ఏడు వీధులకీ దీనికీ ఒక్కటే తేడా. దీని వెనక ఉన్నవాడు ఇరవై ఒక్క రోజులు కడుపునిండా తిన్నాడు."

మంగాయమ్మ చాలాసేపు దీపం చూసింది. తరవాత నన్ను చూసింది, ముఖ్యంగా నా బొజ్జని. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే పడవ అంచున కూర్చుంది. కూర్చున్నాక చూస్తే అది నవ్వు కాదు.

"అంటే బావా... నా పిల్లల్ని నేనే చలికి పెట్టానా?"

"నువ్వొక్కదానివే కాదు. నేను బోర్డుమీద అంకె తగ్గించి రాసినప్పుడల్లా మీరు ఒక ముద్ద తగ్గించారు. ఏడిళ్ళలో కూర్చుని తిన్నాను. ఒక్క ఇంట్లో కూడా మీరు తిన్నారా అని అడగలేదు. ఈరోజు అడిగాను, అదీ కంచం కనబడలేదని."

కొంగుతో మొహం తుడుచుకుంది. గోదావరి వైపు చూసింది. ఆమె మనసులో ఎవరితో మాట్లాడుతోందో నాకు తెలుసు కాబట్టి నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అలా మూసుకున్న సందర్భాలు తక్కువ, అందుకే రాస్తున్నాను.

"వద్దు వద్దని అమ్మ రోజూ ఆ బోర్డుమీద రాయిత్తానే ఉంది," అంది చివరికి. "నేనే చదువుకోలేదు." లేచింది. "మొక్కు వదలను బావా. మారుత్తాను. పిల్లలు బయటికొచ్చేదాకా పైలంకలో ఎవరూ మూడు పూటలకి తక్కువ తినకూడదు. రెండోసారి వడ్డిత్తే వద్దనకూడదు."

"చిట్టాలో ఎక్కించనా?"

"ఎక్కించు. మైకులో కూడా చదివించు. ఇది దాచే మొక్కు కాదు."

ఇరవై రెండో రోజు, శుక్రవారం. 9.3

ఊరందరికీ ఒకేచోట భోజనం. ఇన్నాళ్ళు ఖాళీగా ఉన్న కడుపుల్లో ఒకేసారి బరువు వేస్తే ప్రమాదమని భాగ్యవతి ముందు అందరిచేతా గంజి తాగించింది. తరవాత పెసరపప్పు, మెత్తటి అన్నం, మజ్జిగ. సాయంత్రానికి గుమ్మడికాయ పులుసు. వడ్డన నాది. బకెట్టు, గరిటె పట్టుకుని బంతుల మధ్య తిరిగాను. పుల్లయ్య దగ్గర మూడుసార్లు ఆగాను. మూడోసారి తలెత్తి, "ఇప్పుడు క్షమించానండి" అన్నాడు.

అయితే ఇందులో ఒక చిక్కుంది. తిన్నది అరగాలి, గొట్టంలోకి రావాలి, జనాభా తేరుకోవాలి. కనీసం రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా పెట్టె వెచ్చన సగమే. దీనికి ఉపాయం మంగాయమ్మే చెప్పింది. తిన్న మనిషి పొట్ట ఎంత వెచ్చగా ఉంటుందో గుడ్డుకి అంతే వెచ్చన కావాలిట. పెద్దవాళ్ళందరికీ తలా ఒకటో రెండో గుడ్లు మెత్తటి గుడ్డలో కట్టి పంచింది. రెండు వందల తొంభై నాలుగు గుడ్లు ఊరి పొట్టలమీదికెక్కాయి.

ఇప్పుడు పైలంక ఎలా ఉందంటే, ఏ అరుగుమీద చూసినా భుక్తాయాసంతో వెల్లకిలా పడుకున్న మనుషులు, పొట్టమీద రెండు చేతులు కప్పుకుని, పక్కకి తిరగకుండా, తుమ్ము వస్తే ఆపుకుంటూ ఉన్నారు. ప్రెసిడెంటుగారు పడుకునే సంతకాలు పెడుతున్నారు. మంగాయమ్మ ఇల్లిల్లూ తిరిగి, "తిప్పండి, ఇప్పుడు ఇటు తిప్పండి" అని గుడ్లు తిప్పిస్తోంది.

ఇరవై మూడో రోజు, శనివారం. 9.4

పొద్దున్నే ఏడు గొట్టాలూ ఒక్కసారి గలగలమన్నాయి. నేను సన్నాయి కచేరీలు చాలా విన్నాను. ఇంత శ్రావ్యమైనది వినలేదు.

నష్టం: ఒక గుడ్డు. పుల్లయ్య గురక పెడుతూ పక్కకి దొర్లాడు. ఏడ్చినంత పని చేశాడు.  మంగాయమ్మ ఇంకో గుడ్డు ఇచ్చి, "ఈసారి కూర్చుని పడుకో" అంది.

ఇరవై నాలుగో రోజు, ఆదివారం. 9.9

పెరిగింది. బోర్డుమీద రాస్తుంటే వెనక చప్పట్లు. సుద్దముక్క పట్టుకుని వంగి నమస్కారం చేశాను.

సభలో చిట్టా చదివారు. సాలీడు దగ్గరికి వచ్చేసరికి భాగ్యవతి తలొంచుకుంది. పుల్లయ్య లేచి, నేను అతన్ని దొంగ అన్న పేజీ మరోసారి చదవమని కోరాడు. తరవాత క్షమాపణ పేజీ రెండుసార్లు చదివించుకున్నాడు. అతని హక్కు.

ఇరవై అయిదో రోజు, సోమవారం. 10.7

గుడ్లు తిరిగి పెట్టెలోకి వెళ్ళాయి. ఇక తిప్పకూడదు, నీళ్ళు చిలకరించడమే. మొత్తం నష్టం మూడు. మిగిలినవి రెండు వందల తొంభై ఒకటి. పెట్టెలో పెట్టేముందు మంగాయమ్మ ఒక గుడ్డు నా చెవికి ఆనించింది. లోపల ఎవరో గోటితో గోడ గీకుతున్నట్టు చప్పుడు. ఆపైన సన్నగా, కప్పు అంచుని వేలితో రుద్దినట్టు, ఒక కూత.

"ఏమంటంది?" అన్నాను.

"ఇంకా చల్లగా ఉందేంటని తిడతంది," అంది. "పుట్టకుండానే మా ఇంటి నోరు వచ్చేసింది."

ఇరవై ఏడో రోజు, బుధవారం. 11.6

వడ్డనలతో కాళ్ళు లాగుతున్నాయి. ఏడు వీధులకీ రెండో వడ్డన నాదే, ఎవరు వద్దన్నా ఒప్పుకోవడం లేదు. నేను తినడానికి కూర్చునేసరికి గిన్నెలు ఖాళీ అవుతున్నాయి. పరవాలేదు. పెంకులమీద చిన్న చిన్న పగుళ్ళు కనబడుతున్నాయి. మంగాయమ్మ పీట వదలడం లేదు. ఆమె కంచం అక్కడికే తీసుకెళ్ళి ఇచ్చాను, తినేదాకా నిలబడ్డాను.

ఇరవై ఎనిమిదో రోజు, గురువారం.

ఈ ఒక్కరోజుకీ పంచాయతీవారి ఆజ్ఞ పాటిస్తున్నాను. అంకెలు మాత్రమే.

వోల్టులు: 12.0

బయటికొచ్చిన బాతుపిల్లలు: 263

మంగాయమ్మ ఒళ్ళో ఒకేసారి ఎక్కినవి: 19

ఆమె ఏడ్చింది: 1సారి. నవ్వింది: లెక్కపెట్టలేదు.

రెండో వడ్డన వద్దన్నవారు: 0

నూట అరవై తొమ్మిదో కుండ దీపం: మసక. ఈ ముసురులో మొదటిసారి. శ్రద్ధలో లోపం లేదు. కారణం నాకూ తెలుసు, భాగ్యవతికీ తెలుసు. ఇప్పుడే మనిషిని పంపింది: వడ్డించింది చాలు, వచ్చి కూర్చోమంటోంది, ఈరోజు గురువారం, కొరమేను పులుసు, ఇంట్లో మూడు కంచాలు వేసి ఉన్నాయి.

వెళ్తున్నాను.